క్లీవ్: చీల్చడమూ హత్తుకోవడమూ ఒకే మాటలోకి ఎలా చేరాయి

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల ఇంగ్లీషు నోట్సు తిరగేస్తే, తనకు తానే వ్యతిరేకార్థం ఇచ్చే మాటల పట్టిక ఒకటి తరచుగా కనబడుతుంది. అందులో ముందు వరసలో ఉండే మాట క్లీవ్. ఒక అర్థం చీల్చడం. రెండో అర్థం అంటుకుపోవడం. విద్యార్థి రెండూ బట్టీ పట్టి, పరీక్షలో టిక్కు పెట్టి వచ్చేస్తాడు. ఒకే మాటకు ఇలా ఎదురెదురు అర్థాలు ఎందుకున్నాయో ఆ పట్టిక చెప్పదు. ఇంగ్లీషు అంటేనే ఇంత అనుకుని అందరూ ముందుకు వెళ్లిపోతారు.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. క్లీవ్ ఒక మాట కాదు, రెండు మాటలు. వేర్వేరు ధాతువుల నుంచి పుట్టి, కొన్ని వందల ఏళ్లు పక్కపక్కన నడిచి, పలుకులో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. తెలుగులో ఆరు అంటే ఒక అంకె, ఆరు అంటే తడిబట్ట ఆరడం. ఆ రెంటినీ చూసి మనం ఆశ్చర్యపోం, ఎందుకంటే అవి వేరువేరు మాటలని మనకు పుట్టుకతోనే తెలుసు. క్లీవ్ విషయంలో ఆ ఎరుక ఇంగ్లీషు వాళ్లలోనే చాలామందికి పోయింది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. పట్టికలు దాన్ని దాటేస్తాయి. చీల్చడం అనే అర్థమున్న క్లీవ్ ప్రతి చీల్చడానికీ సరిపోయే మాట కాదు. వస్తువులో ముందే ఉన్న గీత వెంట, పొర వెంట, పోగు వెంట విడదీయడమే దాని సొంత పని. ఈ ఒక్క విషయం పట్టుబడితే వజ్రాల గురించి, పలకరాయి గురించి, పిండం గురించి, చివరికి రాజకీయాల గురించి ఇంగ్లీషులో రాసిన వాక్యాలు కూడా తేటగా అర్థమవుతాయి.

గుంటూరు ప్రాంతంలో ఈ రెండు అర్థాలూ ఒకే పుస్తకంలో ఎదురయ్యే చోటు చర్చి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, ఆదికాండం 2వ అధ్యాయం 24వ వచనం, పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యతో క్లీవ్ అవుతాడని చెబుతుంది. మన పెళ్లి ఆరాధనల్లో చదివే తెలుగు బైబిల్లో అక్కడ ఉన్న మాట 'హత్తుకొనును'. అదే ఇంగ్లీషు బైబిల్లో 78వ కీర్తన దగ్గరికి వస్తే, దేవుడు అరణ్యంలో బండలను చీల్చి జనానికి నీళ్లిచ్చాడని చెప్పేచోట వాడిందీ క్లీవ్ భూతకాల రూపమే. తెలుగు చదివేవారికి ఎక్కడా తికమక లేదు. ఒకచోట హత్తుకోవడం, ఒకచోట చీల్చడం. మూలమైన హీబ్రూలోనూ లేదు. అక్కడ హత్తుకోవడానికి దాబక్ అనే ధాతువు, చీల్చడానికి బాకా అనే వేరే ధాతువు ఉన్నాయి. చిక్కు వచ్చింది మధ్యలో ఉన్న ఇంగ్లీషులోనే.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో మాత్రం ఈ చిక్కు ఉండేది కాదు. చీల్చడానికి క్లేఓవన్ అనీ, అంటుకోవడానికి క్లివియన్ అనీ రెండు క్రియలుండేవి. మొదటిది లోపలి అచ్చు మార్చుకుంటూ కాలాన్ని చూపించే రకం, ఇప్పటి సింగ్, శాంగ్, సంగ్ లాగా. రెండోది చివర ప్రత్యయం తగిలించుకునే రకం. ఆ తర్వాత ఇంగ్లీషు మాటల చివరలు అరిగిపోయాయి, అచ్చుల తేడాలు కరిగిపోయాయి. 14వ శతాబ్దం నాటికి రెండూ దాదాపు క్లేవెన్ అనే ఒకే రూపంలో తేలాయి. పక్కింటి భాషలు అలా కలిపెయ్యలేదు. జర్మన్‌లో అంటుకోవడం క్లేబెన్, చీల్చడం క్లీబెన్. ఈ రెండోది ఇప్పుడు కొన్ని ప్రాంతాల పలుకుబడిలోనే మిగిలింది. డచ్చిలో క్లేవెన్, క్లీవెన్ అని ఈనాటికీ విడివిడిగానే ఉన్నాయి.

రూపాలు కలిసిపోయాక వ్యాకరణం కూడా కలగాపులగమైంది. చీల్చే క్లీవ్‌కు భూతకాలంలో క్లేవ్, క్లోవ్, క్లెఫ్ట్, క్లీవ్డ్ అని నాలుగు రూపాలు వాడుకలోకి వచ్చాయి. విశేషణాలుగా క్లోవెన్, క్లెఫ్ట్ అనే రెండూ నిలబడ్డాయి గానీ ఒకదాని స్థానంలో ఇంకొకటి రాదు. ఆవు, గేదె, మేక వంటి పశువుల రెండు పాయల గిట్ట ఎప్పుడూ క్లోవెన్. మొర్రి పెదవి ఎప్పుడూ క్లెఫ్ట్. అంటుకునే క్లీవ్‌కు ఇవాళ నిలిచింది క్లీవ్డ్ ఒక్కటే. పరీక్షకు చదివేవారికి నిజంగా పనికొచ్చేది ఈ తేడా, ఎందుకంటే ఏ రూపం ఎక్కడ పడిందో చూస్తే రెండు క్లీవ్‌లలో అది ఏదో చాలాసార్లు చెప్పెయ్యవచ్చు.

ఇంకా వెనక్కి వెళితే ఒక్కో క్లీవ్‌కు ఒక్కో పెద్ద కుటుంబం ఉంది. చీల్చే క్లీవ్‌కు మూలంగా భాషాశాస్త్రవేత్తలు ఊహించి కట్టిన ధాతువు గ్లెఉభ్. కోయడం, చెక్కడం, ఒలవడం దాని అర్థాలు. గ్రీకులో ఇది చెక్కడం అనే అర్థమున్న గ్లుఫీన్ అయింది. ఈజిప్టు వాళ్ల చెక్కడపు లిపికి హైరోగ్లిఫ్ అనే పేరు అక్కణ్నుంచే వచ్చింది. లాటిన్‌లో ఇది తొక్క ఒలవడం అయింది. గడ్డిజాతి గింజల మీది పొట్టుపొరను వృక్షశాస్త్రం గ్లూమ్ అంటుంది, అదీ ఈ కుటుంబమే. గ్రీకు లాటిన్లలో గకారంగా ఉన్నది ఇంగ్లీషు, జర్మన్, డచ్చి వంటి భాషల్లో కకారం అవుతుందని 19వ శతాబ్దం మొదట్లో జర్మన్ భాషాశాస్త్రవేత్త యాకోబ్ గ్రిమ్ చూపించాడు. అందుకే గ్రీకులో గ్లిఫ్ అయినది ఇంగ్లీషులో క్లీవ్. అంటుకునే క్లీవ్ ధాతువు వేరు. దాని అర్థం జిగట. బంకమట్టి అనే అర్థమున్న క్లే, జిగురు అనే అర్థమున్న గ్లూ దాని చుట్టాలు. ఎక్కడం అనే క్లైంబ్ కూడా మొదట గట్టిగా పట్టుకుని పాకడమేనని, అదీ ఈ కుటుంబానిదేనని పండితులు చెబుతారు.

ఇప్పుడు రోజువారీ ఇంగ్లీషులో కట్టె చీల్చినా, బిల్లు పంచుకున్నా, పార్టీ చీలినా అందరూ వాడే మాట స్ప్లిట్. ఇది 16వ శతాబ్దం చివర డచ్చి వైపు నుంచి వచ్చిన కొత్త మాట. మొదట్లో ఓడ రాతికి కొట్టుకుని పగిలిపోవడాన్ని చెప్పేది. ఓడ రాతికి తగిలితే ఎక్కడ పగలాలో ఓడ నిర్ణయించుకోదు. స్ప్లిట్‌కు ఆ స్వేచ్ఛ ఇవాళ్టికీ ఉంది. సమంగానో అసమంగానో, గీత ఉన్నా లేకపోయినా, రెండయితే చాలు. అది వచ్చి సామాన్యమైన పనంతా తీసేసుకుంది. క్లీవ్‌కు మిగిలినవి చీలికలో నేర్పు కావలసిన వృత్తులు, చీలిక దిక్కును పట్టించుకునే శాస్త్రాలు. పాతబడి మూలన పడిందని దాన్ని అనుకోవడం పొరపాటు. పని తగ్గినా, ఉన్న పనిలో దాని అర్థం మరింత పదునెక్కింది.

ఆ పదును ఎక్కడ బాగా కనిపిస్తుందంటే, ఈ ప్రాంతం పేరు ప్రపంచానికి తెలిసిన తొలి కారణాల్లో ఒకటైన వజ్రాల దగ్గర. కృష్ణ కుడి ఒడ్డున, పాత గుంటూరు జిల్లా బెల్లంకొండ వైపు ఉన్న కొల్లూరు 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు పెద్ద గనుల్లో ఒకటి. ఆ చోటు ఇప్పటి పల్నాడు జిల్లాలోకి వస్తుంది, పులిచింతల రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ అక్కడికి వచ్చినప్పుడు ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. అతడు కొనుక్కుపోయి ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రమే తర్వాత చెక్కుళ్లు మారి హోప్ వజ్రమైంది. దానిదీ, కోహినూరుదీ పుట్టిల్లు కొల్లూరేనని చాలామంది చరిత్రకారుల నమ్మకం.

వజ్రం అన్నిటికన్నా గట్టిది. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో దానిది 10. దాన్ని గీయాలంటే ఇంకో వజ్రమే కావాలి. అయినా సరైన దిక్కులో ఒక చిన్న దెబ్బ వేస్తే నున్నగా రెండవుతుంది. వజ్రంలో కార్బన్ పరమాణువులు అమరిన తీరులో నాలుగు దిక్కుల తలాలున్నాయి. ఆ తలాలకు అడ్డంగా ఉండే బంధాలు మిగతా దిక్కులకన్నా తక్కువ. చీలిక అక్కడే తేలికగా నడుస్తుంది. పాతకాలపు పనివాడు ముందు ఆ దిక్కును కనిపెట్టేవాడు. ఇంకో వజ్రపు ముక్కతో ఆ గీత మీద చిన్న గాడి గీసేవాడు. గాడిలో మొద్దుగా ఉన్న ఉక్కు రేకు నిలబెట్టి, పైన ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఈ పని పేరే క్లీవింగ్. ఇక్కడ ఉక్కు వజ్రాన్ని కోయదు. కోసే శక్తి దానికి లేదు. రాయిలోపల ఉన్న దారిని తెరుస్తుంది, అంతే. దక్కన్ గనుల దగ్గర పగుళ్లున్న రాళ్లను ఇలా చీల్చడంలో ఇక్కడి పనివాళ్లు యూరప్ వాళ్లకన్నా నేర్పరులని టావెర్నియర్ ఒప్పుకున్నాడు. రాజుల పేర్లూ వజ్రాల పేర్లూ చరిత్రలో నిలిచాయి, ఆ చేతుల పేర్లు మాత్రం ఒక్కటీ మనదాకా రాలేదు. ఆ లోటు తీరేది కాదు.

నిజమైన వజ్రం సుత్తి దెబ్బకు పగలదన్న నమ్మకం ప్రాచీన రోము కాలం నుంచి ఉంది. ఆ పరీక్షలో ఎన్ని మంచి రాళ్లు ముక్కలై ఉంటాయో ఊహించవచ్చు. గట్టిదనం వేరు, చీలే గుణం వేరు. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కలినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జోసెఫ్ ఆషర్ క్లీవ్ చేశాడు. మొదటి దెబ్బకు విరిగింది ఉక్కు రేకే, వజ్రం కాదు. తర్వాతి దెబ్బకు రాయి అనుకున్న గీత వెంటే విడిపోయింది. కోహినూరు సంగతి దీనికి భిన్నం. 1852లో లండన్‌లో దాన్ని క్లీవ్ చెయ్యలేదు, 38 రోజులపాటు అరగదీశారు. 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ రెండు పనులకు వేరువేరు మాటలుంటాయి. తెలుగు వార్తల్లో రెండింటికీ 'కోశారు' అని రాసేస్తే జరిగింది ఏమిటో పోతుంది.

మార్కాపురం పలక కూడా ఇదే సంగతి చెబుతుంది. గుంటూరు, విజయవాడ బళ్లలో తరాల పిల్లలు బలపంతో అక్షరాలు దిద్దుకున్న నల్ల పలకలకు రాయి అక్కణ్నుంచే వచ్చేది. రాతిదిమ్మెను ఉలితో అంచున తట్టితే పల్చటి రేకులుగా విడివడుతుంది. సముద్రంలోనో సరస్సులోనో బురద పొరపొరలుగా పేరుకుంది కాబట్టి అలా విడుతుందని అనుకోవడం సహజం. కానీ 1835లో ఆడమ్ సెడ్జ్‌విక్ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త, పలకరాయి చీలే తలాలకూ బురద పేరుకున్న పొరలకూ సంబంధం లేదని స్పష్టంగా చూపించాడు. చాలాచోట్ల రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. రాయి మీద పక్కనుంచి పడిన ఒత్తిడికి అందులోని సన్నటి ఖనిజ రేకులన్నీ ఒకే దిక్కుకు తిరగడం వల్ల ఆ తలాలు ఏర్పడ్డాయి. చీలే ఈ గుణానికే భూగర్భ శాస్త్రంలో క్లీవేజ్ అని పేరు. ఈ మాట 19వ శతాబ్దం మొదట్లో ఖనిజాల కోసమే పుట్టింది. ఇవాళ సినిమా కబుర్లలో అదే మాటకున్న అర్థం 1940ల్లో హాలీవుడ్ సెన్సారు చర్చల్లోంచి వచ్చింది, ఖనిజాల అర్థానికన్నా నూరేళ్లకు పైగా చిన్నది.

గూడూరు వైపు దొరికే అభ్రకం, మన పల్లెల్లో కాకిబంగారం అనేది, ఒకే దిక్కులో రేకురేకులుగా ఊడుతుంది. క్వార్ట్జ్ రాయికి క్లీవేజ్ లేదు. కొడితే గాజులాగా ఇష్టం వచ్చినట్టు, గవ్వ లోపలి వంపులా పగులుతుంది. భూగర్భ శాస్త్రం విద్యార్థికి మొదటి ఏడాదే నేర్పే తేడా ఇది: క్వార్ట్జ్ పగులుతుంది, అభ్రకం చీలుతుంది. తెలుగులో పగులు, చీలు అనే రెండు క్రియలు ఈ తేడాను మోయగలవు. మనం వాటిని ఒకదానికి బదులు ఒకటి వాడటం మానుకుంటే చాలు.

జీవశాస్త్రంలో క్లీవేజ్‌కు తెలుగు పాఠ్యపుస్తకాలు ఎంచుకున్న మాట విదళనం. విజయవాడ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ మాట తెలియకుండానే రెండేళ్లు గడిచిపోతాయి. అది విచారించాల్సిన సంగతి, ఎందుకంటే ఇది చాలా మంచి ఎంపిక. సంస్కృతంలో దళ్ అంటే చీలడం, పగలడం. దళం అంటే చీలిన ముక్క, ఆకు, రేకు. ద్విదళబీజం అంటే రెండు బద్దలున్న గింజ. కందులను తిరగట్లో వేసి విసిరితే రెండు బద్దలుగా విడిపోవడం ఆంధ్రదేశంలో ప్రతి ఇంటికీ తెలుసు. తిరగలి ఆ రెండు బద్దలను తయారు చెయ్యలేదు. గింజలో అవి మొదటినుంచీ రెండే. క్లీవ్ అసలు భావం విదళనంలో ఇంత చక్కగా కూర్చుంది.

ఫలదీకరణ జరిగిన సుమారు 30 గంటలకు మనిషి పిండంలో మొదటి విదళనం పూర్తవుతుంది. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఆ పైన ఇంకా విడివడతాయి. ఈ దశలో పిండం మొత్తం పరిమాణం పెరగదు, కణాలు చిన్నవవుతూ పోతాయి. కప్ప గుడ్డులో మొదటి రెండు చీలికలూ నిలువుగా దిగుతాయి, మూడోది అడ్డంగా పడుతుంది. క్రమం ముందే నిర్ణయమై ఉంటుంది. అందుకే శాస్త్రజ్ఞులకు ఇక్కడ స్ప్లిట్ కన్నా క్లీవ్ నప్పింది.

రసాయన శాస్త్రంలో బంధం తెగడాన్నీ క్లీవేజ్ అంటారు, మన పుస్తకాల్లో అది బంధ విచ్ఛిత్తి. అణుశక్తి పాఠంలో ఫిషన్ కూడా కేంద్రక విచ్ఛిత్తే. ఇక్కడ భాషాచరిత్ర ఒక చిత్రమైన మెలిక తిరిగింది. ఫిషన్ లాటిన్ మాట, చీల్చడం అనే ఫిండెరె నుంచి వచ్చింది. ఈ లాటిన్ క్రియకూ సంస్కృతంలోని భిద్ ధాతువుకూ మూలం ఒకటే. అంటే మనం వాడే భేదం, భిన్నం, విభేదం ఫిషన్‌కు దాయాదులు. విచ్ఛిత్తి మాత్రం ఛిద్ ధాతువుది. దాని దాయాది ఇంగ్లీషులోకి గ్రీకు మీదుగా వచ్చిన స్కిజమ్, మతసంఘాలు చీలిపోవడానికి వాడేది. చీల్చడం అనే అర్థమున్న విదారణకు దాయాది చింపడం అనే టేర్. యురేనియం కేంద్రకం రెండు ముక్కలవడాన్ని భౌతికశాస్త్రవేత్తలు లీజ్ మైట్నర్, ఆటో ఫ్రిష్ 1939లో వివరించినప్పుడు, కణం రెండుగా విడిపోవడాన్ని ఏమంటారని ఫ్రిష్ ఒక జీవశాస్త్రవేత్తను అడిగి, ఆ మాటనే భౌతికశాస్త్రంలోకి తెచ్చాడు. తెలుగు ద్రావిడ భాష. చీలు, పగులు, పాయ, బద్ద వంటి మన సొంత మాటలకు ఈ దాయాదుల్లో ఎవరితోనూ చుట్టరికం లేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల ద్వారానే మనకు ఇంగ్లీషుతో ఈ పాత బంధుత్వం కలిసింది.

క్లోవ్ సంగతి చిన్నదే గానీ వంటింట్లో రోజూ ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లీషు వంటకంలో క్లోవ్స్ అని ఉంటే అవి లవంగాలా, వెల్లుల్లి రెబ్బలా? రెండూ కావచ్చు. వెల్లుల్లి క్లోవ్ చీల్చే క్లీవ్‌కు చుట్టం, పాయ నుంచి విడివడిన రెబ్బ. లవంగం క్లోవ్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు. అది మేకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, లవంగం ఆకారం చూసి పెట్టిన పేరు. ఇక్కడా రెండు వేరు మాటలు ఒకే రూపానికి వచ్చాయి. పక్కన గార్లిక్ అని ఉందా లేదా చూసుకోకుండా లెక్క వేస్తే గుంటూరు కారం కూడా ఆ కూరను కాపాడలేదు.

క్లెఫ్ట్ లిప్ విషయంలో ఇంత తేలిగ్గా మాట్లాడలేం. మన దగ్గర దాని పేరు గ్రహణం మొర్రి. గ్రహణం సమయంలో గర్భిణి కత్తి పట్టిందనో, ఏదో తుంచిందనో, బయటికి వచ్చిందనో తల్లిని నిందించే అలవాటు గుంటూరు, విజయవాడల్లోనూ ఇంకా పోలేదు. తెలుగు పేరు గ్రహణాన్ని నిందిస్తే, ఇంగ్లీషు పేరు ఏదో చీలిందని చెబుతుంది. అసలు జరిగేది రెండూ కాదు. గర్భంలో 4వ వారం నుంచి 7వ వారం మధ్య ముఖం రెండు పక్కలనుంచీ పెరిగి మధ్యలో కలుస్తుంది, పెదవి అప్పుడు ఏర్పడుతుంది. అంగిలి 6వ వారం నుంచి 9వ వారం మధ్య కలుస్తుంది. ఆ కలయిక పూర్తి కాకపోతే సందు మిగిలిపోతుంది. అక్కడ చీలింది ఏమీ లేదు, హత్తుకోవలసింది హత్తుకోలేదు. రెండు క్లీవ్‌లలో తప్పు క్లీవ్ ఈ జబ్బుకు పేరైందనే చెప్పాలి. కారణాల్లో వంశపారంపర్య లక్షణాలున్నాయి, గర్భిణి పొగతాగడం, కొన్ని మందులు, మధుమేహం వంటివీ ఉన్నాయి. చాలా కేసుల్లో ఒక్కటంటూ చెప్పగల కారణం దొరకదు. గ్రహణం మాత్రం ఆ జాబితాలో లేదు. పెదవికి ఆపరేషన్ సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు. పేరులో ఉన్న అబద్ధం తల్లి మీద పడకుండా చూడటం డాక్టర్ల పని ఎంతో, ఇంట్లో పెద్దవాళ్ల పనీ అంతే.

చీల్చడమూ హత్తుకోవడమూ నిజంగానే ఒకే పనిలో కలిసేది మామిడి నర్సరీల్లో. నూజివీడు చుట్టుపక్కల అంటుమొక్కలు కట్టే పద్ధతుల్లో ఒకటి ఇది: టెంక నుంచి మొలిచిన లేతమొక్క తల కోసి, కాండాన్ని నడిమికి నిలువుగా చీలుస్తారు. మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్ల అడుగును రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దించుతారు. బెరడు కిందున్న పచ్చపొరలు రెండూ ఒకదానికొకటి తగిలేలా సరిచేసి పాలిథిన్ పట్టీతో బిగించి కడతారు. కొన్ని వారాలకు రెండూ కలిసి ఒకే మొక్క అవుతాయి. ఇంగ్లీషులో దీని పేరు క్లెఫ్ట్ గ్రాఫ్ట్, చీలిక వైపు నుంచి పెట్టింది. తెలుగులో అంటు, కలయిక వైపు నుంచి పెట్టింది. రైతుకు కావలసింది రెండోదే.

సమాజాన్ని చదివేవారు కూడా క్లీవేజ్ అనే మాటను అరువు తెచ్చుకున్నారు. 1967లో రాజకీయ, సామాజిక శాస్త్రాల పండితులు సీమోర్ లిప్సెట్, స్టెయిన్ రొక్కన్ యూరప్ రాజకీయ పార్టీలన్నీ నాలుగు పాత చీలిక గీతల మీద నిలబడ్డాయని వాదించారు. కేంద్రం, అంచు ప్రాంతాలు ఒకటి. ప్రభుత్వం, చర్చి ఇంకొకటి. పొలం, ఫ్యాక్టరీ మూడోది. యజమాని, కార్మికుడు నాలుగోది. రోజూ జరిగే తగాదాలన్నీ క్లీవేజ్ కావు. ఎన్నికలు వచ్చినా పోయినా తరాల పాటు నిలిచి ఉండే గీతే క్లీవేజ్. మన దగ్గర పార్టీ మారిన నాయకుల గురించి టీవీ చర్చల్లో చీలిక అనేది స్ప్లిట్. కులం, ప్రాంతం, నీళ్లు ఉన్న భూమికీ లేని భూమికీ మధ్య తేడా, ఇవి క్లీవేజ్.

ఇక ఈ ప్రాంతం జీవితాన్ని మార్చిన పెద్ద చీలిక రాష్ట్ర విభజన. దానికి జనం వాడే ఇంగ్లీషు మాట బైఫర్కేషన్. చట్టం పేరులో ఆ మాట లేదు, పునర్వ్యవస్థీకరణ అనే ఉంది. బైఫర్కేషన్‌లో ఉన్న ఫుర్కా లాటిన్‌లో రెండు మొనల పంగలకర్ర. నది రెండు పాయలవడానికి, రక్తనాళం రెండు కొమ్మలవడానికి సరిపోయే మాట. దివిసీమను చుట్టుకుంటూ కృష్ణ రెండుగా విడిపోవడం అసలైన బైఫర్కేషన్. ఒక మొదలు ఉంటుంది, అది రెండు కొత్త దిక్కులకు పోతుంది. 2014 జూన్ 2న జరిగింది అలాంటిది కాదు. 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు 1956 నవంబరు 1న కలిశాయి. 58 ఏళ్ల తర్వాత విడిపోయింది దాదాపు ఆ అతుకు వెంటే. భద్రాచలం వైపు, పోలవరం ముంపు మండలాల వంటి కొన్నిచోట్ల గీత పక్కకు జరిగింది. అర్థాన్నిబట్టి చూస్తే దానికి క్లీవ్ అనే మాటే దగ్గరగా ఉంటుంది.

భూమి విషయంలో చాలావరకు అలా సాఫీగా గీత దొరికింది. గీత లేని వాటి దగ్గరే తగాదా మిగిలింది. చట్టంలోని 9వ షెడ్యూలులో 91 సంస్థలు, 10వ షెడ్యూలులో 142 సంస్థలు ఉన్నాయి. ఎక్కువభాగం హైదరాబాద్‌లో ఉమ్మడిగా పెరిగినవి. ఏ భవనం, ఏ డిపాజిట్ ఎవరిదో చెప్పే తలం వాటిలో ఎక్కడా లేదు. ఆఫీసులు విజయవాడకు వచ్చాయి, ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది, ఆ పంపకం మాత్రం గడువులోగా పూర్తి కాలేదు. కృష్ణా నీళ్లదీ అదే కథ. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా ఒప్పుకున్న లెక్క మీద ఏళ్ల తరబడి నడిపారు. శాశ్వతంగా ఎలా పంచాలో తేల్చమని కేంద్రం 2023లో కృష్ణా జలవివాదాల రెండో ట్రిబ్యునల్‌కు అప్పగించింది.